గోడ గీకే ఇల్లు

పిస్కాటవేలో మా తెలుగువాళ్ళందరికీ ఆ ఇల్లు తెలుసు. వీధి చివర, చెట్ల పక్కన, పాతది. అద్దెకి చూశామని ఎవరైనా అంటే చాలు... "అదా? వద్దండీ బాబూ," అని గొంతు తగ్గించేవారు.

అంతకుముందు అందులో ఎమ్మెస్ చదివే కుర్రాళ్ళు ఉండేవారు. ఒక చలికాలం వాళ్ళకి వరసగా తలనొప్పులు, కళ్ళు తిరగడాలు. ఒకడికి మెట్ల మీద ఎవరో ఆడమనిషి కూర్చున్నట్టు కనిపించిందట. చివరికి ఒక రాత్రి అంబులెన్స్ వచ్చింది. అందరూ బతికారు — కానీ సామాన్ల కోసం కూడా మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ ఇంట్లోకే దిగింది సుమతి. ఇదంతా తను చెప్పగా నేను విన్నదే.

సుమతిది ఫార్మా కంపెనీలో ఉద్యోగం. ఆఫీస్‌కి దగ్గరని ఆ ఇల్లు తీసుకున్నారు. భర్త దివాకర్ క్లయింట్ల చుట్టూ తిరిగే మనిషి, వారంలో సగం వేరే ఊళ్ళోనే. చలికాలం ముందు పాప పుట్టింది — నిధి. పగలంతా నిద్ర, రాత్రంతా ఏడుపు. సుమతికి కంటి నిండా నిద్రపోవడం ఎలా ఉంటుందో కూడా గుర్తులేని రోజులవి.

మంచు పడిన రాత్రి మొదటిసారి వినిపించింది. తలుపూ కిటికీ లేని పక్కగోడ వైపు, కింద, నేలకి దగ్గరగా... గీర్... గీర్... కాసేపు ఆగి, మళ్ళీ గీర్...

తర్వాత ఏమీ లేదు.

మంచు కురిసిన ప్రతి రాత్రీ అదే. "ఉడతలేమోలే," అన్నాడు దివాకర్.

"భయం వేయలేదా?" అని అడిగాను.

"దెయ్యానికి భయపడాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి కదా," అంది. "పిల్ల లేవకపోతే అదే పదివేలని అటు తిరిగి పడుకునేదాన్ని."

జనవరి చివర్లో ఎముకలు కొరికే చలి వచ్చింది. ఇల్లు కదలొద్దని ఫోన్‌లో ఒకటే హెచ్చరికలు. దివాకర్ డాలస్‌లో ఇరుక్కుపోయాడు, ఫ్లైట్లన్నీ కాన్సిల్. పొద్దుగూకినప్పటి నుంచీ మంచు, పైన ఈదురుగాలి.

ఆ రాత్రీ గీకుడు మొదలైంది. గీర్... గీర్... ఇంతలో ధబ్బుమని ఏదో పడింది.

అంతే. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

కాసేపటికి ఇల్లు చల్లబడుతోందని తెలిసింది. ఇల్లంతటికీ వేడి పంపే ఫర్నెస్ బేస్‌మెంట్‌లో ఉంటుంది. అది అంటుకోబోతుంది, గుర్రుమంటుంది... టక్కున ఆగిపోతుంది. మళ్ళీ గుర్రు... మళ్ళీ టక్కు. రిపేర్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఊరంతా ఇదే గొడవ మేడమ్, రేపు మధ్యాహ్నానికి గానీ రాలేమన్నారు. పాప చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి.

పాపని గుండెకి కట్టుకుని, పైన కోటు వేసుకుని, దివాకర్‌ని ఫోన్ స్పీకర్‌లో పెట్టి కిందికి దిగింది.

"ముందు ఫిల్టర్ చూడు."

లాగి చూసింది. శుభ్రంగానే ఉంది.

"స్విచ్ ఆపి మళ్ళీ వెయ్యి."

వేసింది. గుర్రు... టక్కు. మూత తీస్తే లోపల చీకట్లో ఒక ఎర్ర లైట్ కొట్టుకుంటోంది. ఆ లైట్ అలా కొట్టుకుంటే ఏమిటో మూత వెనకే రాసి ఉంది — బయటికి వెళ్ళే గొట్టాలు మూసుకుపోయాయేమో చూడండి, అని.

"గొట్టాలా? ఎక్కడుంటాయవి?" అంటోంది సుమతి. సరిగ్గా అప్పుడు...

ఫర్నెస్ లోపల్నించి ఎవరో మూలిగారు.

సుమతి పాపని రెండు చేతులా అదుముకుంది.

"అ...మ్మా..."

మనిషి గొంతు. తెలుగు. ఆ ఇనపపెట్టెలోంచి.

"ఏంటది?" అన్నాడు దివాకర్. అతనికీ వినిపించింది! "సుమా, బయటికొచ్చెయ్. కారెక్కి నీ ఫ్రెండ్ శాంతి వాళ్ళింటికి వెళ్ళిపో. ఇప్పుడే!"

మెట్లు ఎలా ఎక్కిందో తెలీదు. తాళాలు చేతిలోకి తీసుకుంది. తలుపు దాకా వచ్చింది... కాళ్ళు ఆగిపోయాయి.

"ఆ 'అమ్మా' నాకు తెలుసు," అంది నాతో. "పురిటి నొప్పుల్లో నేనూ అలాగే మూలిగాను. నొప్పి ఓర్చుకోలేని వాళ్ళు పిలిచే పిలుపది. దెయ్యానికి నొప్పేమిటి?"

ఇందాక ధబ్బుమన్నది ఆ పక్కగోడ వైపే అని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి ఫర్నెస్ మూత బిగించింది. పాపని దుప్పట్లలో చుట్టి ఉయ్యాల్లో పడుకోబెట్టి, టార్చ్‌తో బయటికెళ్ళింది. మోకాలిలోతు మంచు. గోడ పట్టుకుని పక్కకి తిరిగేసరికి...

గోడ వారన ఒక చెయ్యి.

వెనక మంకీ క్యాప్. సగం మంచులో కూరుకుపోయి పక్కింటి పరంధామయ్యగారు! కొడుకు దగ్గరుండే పెద్దాయన. పొద్దున్నే నడకకి వెళ్తూ తల ఊపడం తప్ప ఎన్నడూ మాట్లాడింది లేదు. పక్కన మంచు తోడే పార. ముఖం దగ్గరే, గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు తెల్లటి గొట్టాలు. ఒకటి తెరుచుకుని ఉంది, ఆయన మూలుగు ఫర్నెస్‌లోకి చేరింది దాంట్లోంచే. ఇంకోటి గడ్డకట్టిన మంచు కింద ఉంది.

"అంకుల్! అంకుల్!"

కళ్ళు తెరిచాడు. "తుంటి విరిగినట్టుందమ్మా... నా సంగతి తర్వాత. ఆ రెండోది... ముందది తియ్యి తల్లీ. లోపల పసిదుంది."

ఒక చేత్తో 911కి ఫోన్, ఇంకో చేత్తో పార. పెళ్ళలు ఊడొచ్చాయి. ఉన్న కంఫర్టర్లన్నీ తెచ్చి ఆయన మీద కప్పింది. అంబులెన్స్ వాళ్ళు ఆయన్ని ఎత్తుకునేసరికి ఆ గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. ఇంట్లో ఫర్నెస్ ఆగకుండా మండుతోంది.

ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు.

ఫ్లైట్లు మొదలయ్యాక దివాకర్ వచ్చాడు. ఇద్దరూ పాపని తీసుకుని హాస్పిటల్‌కి వెళ్ళారు.

"బెల్ కొట్టి చెప్పొచ్చు కదా అంకుల్?" అన్నాడు దివాకర్.

"పిల్ల లేస్తుందని."

"పోనీ పగలైనా..."

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. బాగా అలిసిపోయిన ముఖం.

"మీ ముందున్న కుర్రాళ్ళకి చెప్పాను బాబూ. ఆ గొట్టాలు నేలకి మరీ దగ్గరగా ఉన్నాయి, మంచు కప్పేస్తే విషపు గాలి ఇంట్లోకే తంతుందని. ముసలాయన చాదస్తం అనుకున్నారు, నవ్వారు. ఆ గాలి తలకెక్కే వాళ్ళకి లేని మనిషి కనిపించింది. వాళ్ళని స్ట్రెచర్ల మీద మోసుకెళ్తుంటే మా వాకిట్లో నుంచుని చూశాను... ఆ తర్వాత ఇంటి ఓనర్ గొట్టం మూసుకుంటే దానంతటదే ఆగిపోయే ఫర్నెస్ పెట్టించాడు గానీ, గొట్టాలు అక్కడే ఉంచేశాడు. ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదు. మంచు పడితే లేచి వెళ్ళి తీసేస్తున్నాను. ఎలాగూ నిద్ర పట్టదు."

సుమతి జారిన దుప్పటి ఆయన పాదాల మీదికి లాగి, అక్కడే మంచం పక్కన కుర్చీలో కూలబడిపోయింది.