గంగులు వాటా ఎవరి గంపలోకి?

"ఒసే అసిరీ, నీకు మతి గాని పోయిందేటి? ఒంట్లో బాగున్నప్పుడే జబ్బుకి వాటా తీసి పెడతారా ఎవులైనా?" అన్నాడు గంగులు, తడిసిన వల భుజం మీంచి ఇసకలోకి దించుతూ.

"మంచాన పడ్డాక అడిగితే నువ్విస్తావేటి?" అంది అసిరమ్మ.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. అసిరమ్మకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి! యుద్ధం ఆగిన ఏడు ఆమె తండ్రి సూరయ్య జ్వరంతో నెల్లాళ్లు విజయనగరం ధర్మాసుపత్రిలో పడున్నాడు. డాక్టరు, మంచం, క్వినైను అన్నీ ఉచితమే. సర్కారు చలవ, కాదనడానికి లేదు. కానీ బండి కిరాయి ఎవరిస్తారు? బయట కొనుక్కురమ్మన్న సూదిమందో? ఇంట్లో పొయ్యి వెలగడమో? సముద్రంలోకి వెళ్లనివాడికి చేపల్లో వాటా ఉండదు. ఆ నెలలోనే తల్లి చెవిపోగులు అమ్ముడైపోయాయి.

అందుకే ఈ ఏడు అసిరమ్మ పట్టుబట్టింది. ప్రతివాడూ రోజూ తన వాటాలోంచి దోసెడు చేపలు ఒక కుప్పలో వెయ్యాలి. అవి అమ్మిన డబ్బు పెద్దావిడ కూర్మమ్మ దాస్తుంది. ఎవరు మంచాన పడితే వాళ్లింటికి, లేచేదాకా అది అందుతుంది. అందరూ సరే అన్నారు, గంగులు తప్ప. అతను కాదంటే మిగతా కుర్రకారంతా మెల్లిగా జారుకుంటారు. ఇక ఆ మాట అక్కడితో సరి.

ఇంకెవరైనా కాదంటే ఇంత ఉక్రోషం వచ్చేది కాదు. పొద్దున్నే పడవలు తిరిగొస్తుంటే ఆమె కళ్లు ముందు వెతికేది ఈ మొండిఘటాన్నే.

"సర్కారోడి ఆసుపత్రి ఉన్నాది కదే. నాకు జబ్బొస్తే ఆడే సూస్తాడు," అన్నాడు గంగులు నవ్వుతూ.

"ఆడు మందిస్తాడు బావా. గంజెవులు తెస్తారు?"

గంగులు నవ్వు ఆగిపోయింది. సన్నగా తుంపర మొదలైంది.

"అదే నానూ అడుగుతన్నాను. నాను పడిపోతే ఆ డబ్బు ఎవులింటికి పంపుతారు? మాయమ్మా లేదు, పెళ్లామూ లేదు. నా వాటా అట్టుకునే గంపే లేదు కదే!"

నిజమే. ఆ పేటలో మగవాడి వాటా తల్లి గంపలోనో పెళ్లాం గంపలోనో పడాలి. తల్లి పోయినప్పటి నుంచి గంగులు తన చేపలు ఒడ్డునే వర్తకుడికి ఇచ్చేసి చేతులు దులుపుకుంటాడు. అది పొగరనుకుంది అసిరమ్మ ఇన్నాళ్లూ. తన మీద తనకే కోపం వచ్చింది.

గంప తీసుకుని నేరుగా వెళ్లి అతని చేపల ముందు పెట్టింది.

"ఎయ్యి."

"ఏటి?"

"నీ వాటా. ఇయాల నుంచీ ఇందులోనే ఎయ్యి. నువ్వు మంచాన పడితే ఆ డబ్బూ నా సేతికే వస్తాది. గంజి నాను మోసుకొస్తాను."

"ఓలమ్మో!" అని కూర్మమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

పడవ పక్కన చుట్ట కాలుస్తూ కూర్చున్న సూరయ్యకేసి గంగులు భయంభయంగా చూశాడు.

"నాకేసి సూస్తావేట్రా? గంప దానిది," అన్నాడు సూరయ్య నోట్లో చుట్ట తీసి. "ఆసుపత్రిలో నన్ను బతికించింది సగం డాక్టరూ, సగం గంజి మోసుకొచ్చిన ఈ గుంటా. ఇంతకన్నా నీకేటి కావాల?"

"ఇంకేటొద్దు మావా," అన్నాడు గంగులు.

ముందు దోసెడు చేపలు తీసి జబ్బు కుప్పలో పోశాడు. మిగిలినవన్నీ అసిరమ్మ గంపలో పడ్డాయి. వెనకున్న కుర్రాళ్లు ఒకరినొకరు చూసుకుని తలో దోసెడూ తెచ్చారు.

గంప ఆమె తలకెత్తుతూ గంగులు గుసగుసగా అడిగాడు. "అసిరీ, నాకు జబ్బు రాకపోతేనో?"

"రాకపోతే రోజూ ఇంటికొచ్చి కూడు తిను," అంది అసిరమ్మ.