దాలమ్మ చేతిపూటలు

దాలమ్మకు పుండు పడింది ఆమె సంతోషంగా ఉన్నందువల్లే. ఇందులో వాదించడానికేమీ లేదు. పలాసలో ముసలివాళ్ళుండే నెమ్మది నిలయంలో ఆయాలకు ఈ సంగతి తెలుసు, మేనేజరుకు తెలుసు. ఆమె భర్త కూర్మయ్యకు అందరికంటే బాగా తెలుసు.

ఆ ఉదయం కూడా ఆయన వెళ్ళేసరికి మంచం తలాపున, మనిషి సుఖాన్ని చూపే ఊరటముల్లు నిటారుగా నిలబడి ఉంది. మోతబండి తనంతట తానే వచ్చి గంజి గిన్నె పెట్టి, మూత తీసి, వెళ్ళిపోయింది. గోడలోంచి ఒక గొంతు దాలమ్మను పేరుపెట్టి పలకరించి, బయట ఎండ బాగా కాస్తోందని చెప్పింది. మంచాల మీద ఉన్నవాళ్ళు తప్ప వార్డులో మనిషన్నవాడు లేడు.

కూర్మయ్య దుప్పటి తొలగించి భార్యను కుడిపక్కకు ఒత్తిగిలించాడు. ఎడమ తుంటి మీది కట్టు రసి కారి తడిసి ఉంది.

"అంతసేపు సూస్తన్నావు, అక్కడేటుందయ్యా?" అంది దాలమ్మ.

"పుండు నిన్నటికన్నా పెరిగింది."

"నాకేటీ తెలవట్నేదు."

"తెలిస్తే బాగుణ్ణు."

పక్షవాతం వచ్చాక ఆమెకు ఎడమపక్క స్పర్శ పోయింది. మాట మాత్రం పోలేదు. కుడి మణికట్టుకు, గాజులుండే చోట, ఊరటపట్టీ ఉంది. నాడి, చెమట, ఊపిరి చూసి మనిషి ఎంత నెమ్మదిగా ఉందో అది ముల్లుకు చెబుతుంది. ముల్లు పంపకయంత్రానికి చెబుతుంది. ముల్లు దిగినవాళ్ళ దగ్గరకు యంత్రం ఆయాను పంపుతుంది. లేచి ఉన్నవాళ్ళ దగ్గరకు పంపదు. ఒక మనిషి ఒక పూట చేసే సేవకు చేతిపూట అని పేరు. మనుషులు తక్కువ, ముసలివాళ్ళు ఎక్కువ అయిన కాలంలో చేతిపూట కంటే ఖరీదైనది ఏదీ లేదు. దాలమ్మకు రాత్రిళ్ళు ఒక్కటి కూడా రావడం లేదు. తెల్లవార్లూ పక్క మార్చే చెయ్యి లేకే ఆ పుండు పడింది.

ఇంటికి తీసుకుపోదామంటే కూర్మయ్య చేతులు వణుకుతాయి. పగలు ఆమెను ఒత్తిగిలించడానికే ఆయనకు ఆయాసం వస్తుంది. రాత్రిపూట బంధువులను నిలయంలో ఉండనివ్వరు. ఆయన మళ్ళీ మేనేజరు గదికి వెళ్ళాడు.

"రేత్తిరి ఒక మనిసిని ఎయ్యండి బాబూ. పక్క మార్సితే సాలు."

మేనేజరు చెడ్డవాడు కాడు. అలిసిపోయినవాడు. "వేసేది నేను కాదండీ. పూర్వం నాలాంటివాళ్ళే వేసేవారు. తనిఖీకి వచ్చినవాళ్ళు హాజరు చూసి మార్కులిచ్చేవారు. హాజరులో ఆయాలు ఉండేవారు, వార్డులో ఉండేవారు కాదు. ముసలివాళ్ళు తడిబట్టల్లోనే పడుండేవారు. అందుకే చట్టం మార్చారు. ఇప్పుడు కొలిచేది మమ్మల్ని కాదు, మంచం మీది మనిషి సుఖాన్ని. ఆవిడ ముల్లు చూడండి, నిలయం మొత్తానికి ఆవిడదే పైన ఉంది."

"అది నానొచ్చి కూకుంటన్నానని."

"ఆ సంగతి యంత్రానికి తెలియదండీ."

"నీకు తెలుసు గదా బాబూ."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. "నర్సు రోజూ కట్టు మారుస్తోంది. అంతవరకే నా చేతిలో ఉంది."

వరండాలో బైరాగి ఆయనను ఆపాడు. పక్క మంచం మీది ముసలామెకు కొడుకు. బండ్లు బాగుచేసే పని.

"సిన్నాన్నా, నీకు బతకడం తెలీదు. మా అమ్మకి రోజూ రేత్తిరి ఆయా ఒస్తాది. ఎలాగొస్తాదో తెలుసా?"

"ఎలాగ?"

"ఎల్లిపోయేముందు ఏడిపిస్తాను."

కూర్మయ్య అతని ముఖంలోకి చూశాడు.

"మరేటి సెయ్యమంటావు? నవ్వించి ఎల్తే రేత్తిరల్లా ఒక్కర్తీ తొంగుంటాది. ఒకనాడు ఇల్లు అమ్మీసినానంటాను. ఒకనాడు మనవడికి దెబ్బ తగిలిందంటాను. ముల్లు దిగుతాది, ఆయా ఒస్తాది. మర్నాడొచ్చి ఉత్తిదే అంటాను. ఈ వార్డులో అందరూ ఇదే సేస్తన్నారు. ఆ కిటికీ కాడి కోడలు పిల్లని సూడు. అత్తని పుస్తకంలో సదివినట్టు తిడతాది. గేటు దాటాక కళ్ళొత్తుకుంటాది."

మర్నాడు కూర్మయ్య నెత్తళ్ళ చేపల కూర వండి తెచ్చాడు. అన్నంలో కలిపి నోటికందిస్తూ తగువు మొదలుపెట్టాడు.

"మీ అన్న నా సైకిలు ఒట్టుకుపోయి మరి తెచ్చాడా? మీ పుట్టింటి సంతంతా దొంగ సంతే."

దాలమ్మ నమలడం ఆపింది. "ఆ సైకిలా! దాన్ని మా అన్న ఒట్టుకుపోనేదు, మోసుకుపోయాడు. ఈదిలో పరువు పోతంది, తీసుకుపో బావా అని నువ్వే బతిమాలావు. అది సరే, ఈ కూరలో ఉప్పెవుడేసాడు? సముద్రం ఒంపీసినావేటి?"

"తింటే తిను, నేకపోతే మానీ."

"తినకేటి సేస్తాను? నువ్వొండింది కుక్క కూడా ముట్టదు. నానే తినాల."

ఊరటముల్లు ఇంకొంచెం పైకి లేచింది.

పక్క మంచం దగ్గర బైరాగి నెత్తి కొట్టుకున్నాడు. "సిన్నాన్నా, మీరు తగువాడతన్నారా, సరసాలాడతన్నారా?"

"నీకెందుకురా? ముందు మీ అమ్మకి తల దువ్వు, బూసిలా ఉంది," అంది దాలమ్మ.

పెళ్ళయిన నాటి నుంచి వాళ్ళు ఇలాగే బతికారు. మొదట్లో ఇరుగుపొరుగు విడదీయడానికి పరుగెత్తుకొచ్చేవారు. తర్వాత రావడం మానేశారు. ఆ ఇంట్లో తిట్టే పలకరింపు. ఆయన తిట్టని రోజున ఒంట్లో బాగాలేదేమోనని ఆమె నుదురు తాకి చూసేది. అటువంటి మనిషిని ఏడిపించడానికి తిట్లు పనికిరావు. ఇల్లు అమ్మానని చెప్పడానికి సొంత ఇల్లు లేదు, మనవడికి దెబ్బ తగిలిందనడానికి మనవలు లేరు.

ఆ రోజు నర్సు కట్టు విప్పినప్పుడు పుండు అడుగున ఎముక తెల్లగా కనిపించింది. "ఇంకా ఆలస్యమైతే విషం రక్తంలోకి పోతుంది తాతా," అంది. తర్వాత ముల్లు వైపు చూసి తల తిప్పుకుంది.

కూర్మయ్య దగ్గర ఒక మాట మిగిలి ఉంది.

వాళ్ళకు నూకాలు అని ఒక కూతురు ఉండేది. నాలుగో ఏట జ్వరం వచ్చి పోయింది. అప్పుడు కూర్మయ్య చెన్నైలో కట్టుబడి పనిలో ఉన్నాడు. దాలమ్మ జ్వరంతో ఉన్న పిల్లను పక్కింటివాళ్ళకు అప్పగించి, జీడిపిక్కల బట్టీకి పనికి వెళ్ళింది. వెళ్ళకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. రైలు దిగి వచ్చిన కూర్మయ్య ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు. ఎంత తగువైనా, ఎంత గొంతు లేచినా, ఆ సంగతి జోలికి పోలేదు. ఆయన అనలేదు గనుకనే ఆమె బతికింది. ఆ సంగతీ ఆయనకు తెలుసు.

మరుసటి ఉదయం ఆయన ఆమెకు గంజి తాగించాడు. మూతి తుడిచాడు. ఆమె కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడన్నాడు.

"ఆ రోజు నువ్వు బట్టీకి ఎల్లకపోతే నూకాలు బతికుండును."

దాలమ్మ తల ఆయన వైపు తిప్పింది. కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ముల్లు ఒక్కసారిగా పడలేదు. నూతిలోకి చేద దిగినట్టు దిగి, అట్టడుగున ఆగింది.

ఆయన గుమ్మం దాటకముందే ఇద్దరు ఆయాలు వచ్చారు.

ఆ రోజు నుంచి దాలమ్మకు పగలూ రాత్రీ చేతిపూటలే. గవిరి అనే ఆయా ఆమెకు తల దువ్వింది, కాళ్ళు పిసికింది, తన పెళ్ళిచూపుల కబుర్లు చెప్పి నవ్వించబోయింది. వేళ తప్పకుండా పక్క మార్చారు. నెలలు గడిచేకొద్దీ పుండు అడుగు నుంచి ఎర్రగా పూడుకుంటూ వచ్చింది. ముల్లు మాత్రం లేవలేదు.

కూర్మయ్య రోజూ వచ్చాడు. ఒకసారి కావాలనే కూరలో ఉప్పు దండిగా వేసి తెచ్చాడు. ఆమె వంక పెట్టకుండా తినేసింది.

"నువ్వు రేపొస్తావా?" అని ఆయనను అడగడం కూడా మానేసింది.

ఆయన చాలాసార్లు నోరు తెరిచాడు. ఆయా కోసం అన్నానే, మనసులో లేని మాట అది, అని చెప్పాలనుకున్నాడు. చెబితే ఆమె తేలికపడుతుంది. తేలికపడితే ముల్లు లేస్తుంది. ముల్లు లేస్తే ఆయాలు వేరే మంచానికి పోతారు. బైరాగి తన తల్లితో మర్నాడే ఉత్తిదే అనగలడు, రేపటికి ఇంకో అబద్ధం ఉంటుంది గనుక. కూర్మయ్యకు ఇంకో మాట లేదు. పుండు మానాక చెబుదామని నోరు మూసుకున్నాడు.

"ఇంకొక్క వారం తాతా. పైచర్మం గట్టిపడాలి," అంది నర్సు.

ఆ వారం పూర్తి కాలేదు. దాలమ్మ నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు.

గవిరి ఆమెకు స్నానం చేయించి, కొత్త చీర చుట్టి, కూర్మయ్యను లోపలికి పిలిచింది. "సూడు తాతా, ఒళ్ళు ఎంత సుబ్బరంగా ఉందో. ఎక్కడా పుండన్నది నేదు." ఆ పిల్ల ఆయనకు ఊరటగా ఉంటుందనే అంది.

పెద్దకర్మ అయ్యాక దాలమ్మ చీరలు తీసుకుపోవడానికి ఆయన నిలయానికి వెళ్ళాడు. నిలయాల సేవను కొలిచే అధికారిణి ఒకామె వచ్చి ఉంది. చిన్న వయసు. ఆయనను చూసి లేచి నిలబడి, కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"ఎముకదాకా వెళ్ళిన పుండు ఈ వయసులో మానడం అరుదు కూర్మయ్య గారూ. మీ భార్యకు జరిగిన సేవను మిగతా నిలయాలకు చూపించబోతున్నాం. ఒక్కటే మాకు అర్థం కావడం లేదు. అంత సేవ అందినా ఆమె ముల్లు చివరిదాకా లేవలేదు. అది దిగిన ఉదయం మీరు పక్కనే ఉన్నారు. ఏం జరిగింది?"

"సంతోసంగా ఉన్నోళ్ళకి కూడా పుండు పడతాది. అది రాసుకో," అన్నాడు కూర్మయ్య. "మనిసిని ఏడిపిస్తేగానీ మీ ఆయా రాదు. అదీ రాసుకో. అబద్దమైతే ఈ వార్డుకి ఒచ్చినోళ్ళందర్నీ అడుగు."

పక్క మంచం దగ్గరున్న బైరాగి తల దించుకున్నాడు.

అధికారిణి రెండూ రాసుకుంది. "అడుగుతాను. పైవాళ్ళకు చెబుతాను కూడా. కానీ ఆ ఉదయం మీరు ఆమెతో ఏమన్నారో తెలియాలి. ఎంత సేవ చేసినా తీరని బాధ ఒకటుంటుందని యంత్రానికి నేర్పవచ్చు."

"సెప్పీ సిన్నాన్నా," అన్నాడు బైరాగి మెల్లగా. "పిన్ని ఎలాగూ పోయింది. ఉన్నోళ్ళకి పనికొస్తాది."

కూర్మయ్య చీరల మూట చంకలో పెట్టుకున్నాడు.

"పుండు గురించి అడగమ్మా, సెప్తాను. రేత్తుళ్ళ గురించి అడుగు, సెప్తాను. ఆ మాట మాత్రం అడక్కు. దాని కాడ ఎనక్కి తీసుకోనేకపోయాను. మరింక ఎవుళి కాడా ఎత్తను. సచ్చీదాకా ఎత్తను."