కొట్టని కొడవలి

కూరలో ఉప్పు లేకపోయినా మా మరిదికి పట్టదు. మాటలో పొల్లు తేడా వస్తే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు. నిఘంటువు ఆఫీసులో ఉద్యోగం మరి. గరిటె అన్న మాట ఎక్కడ పుట్టిందో గంటసేపు చెప్పగలడు. గరిటె పట్టుకోవడం మాత్రం రాదు.

అలాంటివాడి దగ్గరకు మ్యూజియంలో పాత పనిముట్ల గది చూసుకునే అమ్మాయి వచ్చింది. కొడవలి పక్కన పెట్టే చీటీ మీద ఆ మాట పుట్టుక రాయాలట.

"'కొట్టు' నుంచి వచ్చింది. కొట్టేది కొడవలి," అన్నాడు మావాడు, ఆమె మీంచి చూపు తిప్పుకోలేక.

"ఎవర్నండీ కొట్టేది? కొడవలితో కోస్తారు. 'కొడు' అంటే వంకర, పాత మాట. 'వాలు' అంటే కత్తి. వంకర కత్తి."

"మీరు లేబుల్స్ రాసుకోండి మేడమ్. అర్థాలు మాకొదిలేయండి."

ఒకరంటే ఒకరికి ఎంత పడదో చెప్పుకోవడానికి ఆ తర్వాత ఇద్దరూ రోజూ కలవాల్సి వచ్చింది, పాపం. చివరికి పెళ్లి మాట దాకా వెళ్లింది. పెద్దలందరూ సరేనన్నాక అమ్మాయి అడ్డం తిరిగింది.

"కొడవలి సంగతి కాదక్కా," అంది నాతో, వంటింటి గడప మీద కూర్చుని. "మా నాన్న ఇంట్లో ఎప్పుడూ 'నాదే తప్పు' అనలేదు. ఆ మాట వినకుండానే అమ్మ పోయింది. అలాంటి ఇల్లు నాకు ఇంకోటి వద్దు."

మావాడు పుస్తకాలన్నీ తిరగేశాడు. ఆమె చెప్పిందే నిజం. అచ్చుకు వెళ్తున్న నిఘంటువు ప్రూఫులో 'వంకర కత్తి' అని దిద్ది, గర్వంగా ఆమెకు పంపాడు.

మర్నాడు ఆమె వానలో మా ఇంటికి వచ్చింది. "లోకానికి అచ్చేసి చెప్పారు. మరి నాకు?"

"అంటే... అప్పటికి దొరికిన ఆధారాల్ని బట్టి..."

ఆమె గొడుగు విప్పింది.

"పండితుల్లో కూడా భిన్నాభిప్రాయాలు..."

ఆమె మెట్లు దిగింది.

"ఏమయ్యా, నీ భిన్నాభిప్రాయం గేటు దాటిపోతోంది!" అన్నాను నేను.

చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. కళ్లజోడు మీద వాన కారుతోంది. ఎదురుగా ఉన్నది ఆమో, కరెంటు స్తంభమో తెలిసినట్టు లేదు.

"తప్పు!" అని అరిచాడు స్తంభంతో.

"ఎవరిది?" అంది ఆమె పక్కనుంచి.

అటు తిరిగాడు.

"నాదండీ. పూర్తిగా నాదే తప్పు."