తెల్ల దుప్పటి మీద ఆకుపచ్చ ఆకాశం

"కిటికీ తెరలు వేసెయ్యండి పిల్లలూ!" అంది నాగరత్నం టీచర్.

శుక్రవారం సెలవు. ఎడారి దేశంలో బనియాస్ అనే ఊళ్లో, టీచర్ గారింట్లో తెలుగు పిల్లలు సైన్స్ పాఠానికి చేరారు. ప్రొజెక్టర్ టిక్కుమంది. గోడకు కట్టిన తెల్ల దుప్పటి మీద బొమ్మ పడింది. మంచుకొండల పైన ఆకాశమంతా ఆకుపచ్చ వెలుగు!

"దీన్ని అరోరా అంటారు. ఉత్తర ధ్రువం దగ్గరి దేశాల్లో కనబడుతుంది," అంది టీచర్.

"నేను గూడ చూసిన టీచర్!" గుల్జార్ లేచి నిలబడింది. ఆ అమ్మాయి పక్క ఊరు మఫ్రఖ్ నుంచి ఆ రోజే కొత్తగా వచ్చింది. "మా ఇంటి మీదికెక్కితే ఆకాశం ఎర్రగ మెరుస్తది."

సువార్త పకపకా నవ్వింది. క్లాసులో అన్నిటికీ ముందు జవాబు చెప్పేది సువార్తే.

"అది చమురు బావి దగ్గర మండే గ్యాసు! ఆ మాత్రం తెలీదా?"

అందరూ గొల్లుమన్నారు. గుల్జార్ కూర్చుండిపోయింది. మళ్లీ తలెత్తలేదు.

టీచర్ నవ్వలేదు. "తను చూసింది తను చెప్పింది. మంచిదేగా? సరే, ఈ వెలుగు ఎలా వస్తుందో ఎవరు చెప్తారు?"

"నేను! మంచు మీద పడ్డ ఎండ పైకి మెరుస్తుంది టీచర్," అంది సువార్త.

"కాదమ్మా. పూర్వం చాలామంది అలాగే అనుకున్నారులే. సూర్యుడి నుంచి చిన్న చిన్న కణాలు వస్తాయి. భూమి పెద్ద అయస్కాంతం కదా, వాటిని ధ్రువాల వైపు మళ్లిస్తుంది. అవి తగిలితే పైనున్న గాలి వెలుగుతుంది."

సువార్త చెవులు వేడెక్కాయి. భయంగా చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. గుల్జార్ కూడా నవ్వలేదు.

సువార్త మంచినీళ్లకని లేచి చూస్తే, గుల్జార్ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

"వెళ్లిపోతున్నావా? నేను నవ్వానని కోపమా?" అడిగింది సువార్త. "నా జవాబు తప్పైనప్పుడు నువ్వెందుకు నవ్వలేదు?"

"నవ్వితే ఎట్లుంటదో మీరు నన్ను చూసి నవ్వినప్పుడే తెల్సింది గద."

సువార్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తప్పు నాదే. వెళ్లకు గుల్జార్," అంది మెల్లగా.

గుల్జార్ వేసుకున్న చెప్పు విడిచింది. "ఒకటడుగనా? భూమి అయస్కాంతమైతే మా అబ్బాజాన్ నడిపే లారీని గుంజి పట్టుకోవాలె గద?"

సువార్త ఆలోచించింది. "పద, టీచర్‌ని అడుగుదాం."

"మళ్ల నవ్వుతరు."

"నేనడుగుతాగా, నవ్వితే నన్ను చూసే నవ్వుతారు."

గుల్జార్ చెయ్యి పట్టుకుని సువార్త లోపలికి వచ్చింది. "టీచర్! భూమి అయస్కాంతమైతే లారీ ఎందుకు అతుక్కుపోదు? నాకు తెలీదు."

పిల్లలు పగలబడి నవ్వారు. సువార్త మొహం ఎర్రబడింది. అయినా కూర్చోలేదు.

"నాకు గూడ తెల్వది టీచర్," అంది గుల్జార్, ఇంకా గట్టిగా.