అరవైసార్లు ఆగిన పొయ్యి

వచ్చినావిడ కుర్చీలో కూర్చోలేదు. ముందు గది మూలకు వెళ్లి, అక్కడ టీ కాచుకోవడానికి పెట్టుకున్న గ్యాస్ పొయ్యి నాబ్‌ను రెండుసార్లు తిప్పి చూసింది. అది అప్పటికే మూసి ఉంది.

"ఆరిందామ్మా?" అన్నాడు తరాజు, నవ్వకుండా.

"ఆరింది. ఏమీ అనుకోకండి. మూడు రోజులుగా ఎవరింటికి వెళ్లినా ఇదే వరస."

ఈ వూరికి అపరాధ పరిశోధకుడు తరాజు ఒక్కడే. ఆయన అసలు పేరు ఇంటి ఓనరుకు కూడా గుర్తులేదు. ఇరవై ఏళ్లు పాత సామాన్ల వ్యాపారం చేసి, చేతిలో పెట్టిన వస్తువు ఎన్ని చేతులు మారిందో వేలితో తడిమి చెప్పగలిగాక, ఇక మనుషుల్ని తూచడం మొదలుపెట్టాడు; తరాజు, అంటే త్రాసు, అన్న పేరు అలా వచ్చిందే. ఆయన దగ్గర పనిచేసే టైపిస్టు లెక్క ప్రకారం ఆయన తూకం ఇంతవరకు ఒక్కసారే తప్పింది, అదీ ఆయనకు జ్వరం వచ్చినప్పుడు. ఆవిడ కాగితం ఎక్కించి, మిషను మీద వేళ్లు పెట్టి సిద్ధంగా కూర్చుంది.

వచ్చినావిడ పాడైన ఇస్త్రీ పెట్టెలు, మిక్సీలు బాగుచేసే మనిషి. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు, చెవి వెనక పెన్సిలు. కూర్చుని, సంచిలోంచి ఒక నాబ్ తీసి బల్ల మీద పెట్టింది. మామూలు పొయ్యి నాబ్ కంటే కాస్త లావు, అంతే.

"ఇది నేను చేసింది. లోపల గడియారం స్ప్రింగు ఉంటుంది. పొయ్యి వెలిగించి దీన్ని ఇరవై నిమిషాలకు తిప్పి వదిలేస్తే, టైమవగానే దానంతటదే వెనక్కి తిరిగి గ్యాస్ ఆపేస్తుంది. మా అత్తయ్యకు చూపు ఆనదు. పొయ్యి మీద పెట్టింది మర్చిపోతుంది. ఆవిడ కోసమే మొదలుపెట్టాను. మరో నాలుగిళ్లలో కూడా పెట్టి చూశాను. రెండు నెలల్లో ఒక్కసారి కూడా మాట తప్పలేదు."

"తప్పిందెప్పుడు?"

"మొన్న సోమవారం పదకొండింటికి. నేను సామాన్లకు బజారుకెళ్లాను. అత్తయ్య పాలు పెట్టి పడుకుంది. నాబ్ ఆగలేదు. గిన్నె మాడి, పక్కన వేలాడే గుడ్డ అంటుకుని, వంటిల్లంతా పొగ. మా మరిది సమయానికి వచ్చి అత్తయ్యను బయటికి లాక్కొచ్చాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇవాళ పొద్దున్నే ఇంటికి తెచ్చాం."

"బతికి బట్టకట్టింది కదా. భయమెందుకు?"

"ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాబ్ పరీక్ష చేశాను. ఆగింది. మళ్లీ తిప్పాను. ఆగింది. ఈ మూడు రోజుల్లో అరవైసార్లు తిప్పాను. అరవైసార్లూ ఆగింది." ఆవిడ చేతులు ఒళ్లో ముడుచుకుంది. "చెడిపోయిన వస్తువైతే బాగుచేస్తాను, అది నా పనే. చెడిపోకుండా చంపబోయిన వస్తువును ఏం చేయను? సాయంత్రం నాలుగింటికి పొయ్యిల కంపెనీ ఇంజనీరు చూడడానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే ఇది వేల ఇళ్లకు వెళ్తుంది. ఎవరైనా ముట్టుకున్నారని తేలితే సరే. లేదంటే ఆయన వచ్చేలోపు అన్నీ సుత్తితో పగలగొట్టేస్తాను. వేల ఇళ్లలో వేలమంది అత్తయ్యలు ఉంటారండీ."

టైపిస్టు గోడ గడియారం వైపు చూసింది. పదింబావు. ఆరు గంటలు కూడా లేదు.

తరాజు నాబ్‌ను కిటికీ వెలుగులో తిప్పాడు. టిక్కు, టిక్కు అని గట్టిగా కొట్టుకుంది. భూతద్దం తీసి వెనకవైపున్న ఒకే ఒక్క స్క్రూను చాలాసేపు చూశాడు.

"దీన్ని విప్పేది నువ్వొక్కదానివేనా?"

"నేనే. అది ఎదురు మర. అన్ని స్క్రూల్లా ఎడమకు తిప్పితే ఊడదు, కుడికి తిప్పాలి. నాబ్‌ను రోజూ తిప్పుతుంటే మామూలు స్క్రూ వదులైపోతోందని అలా పెట్టాను. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు."

"విప్పే స్క్రూడ్రైవర్ తెచ్చావా?"

ఆవిడ సంచిలోంచి బొటనవేలంత వెడల్పు ఉన్నది తీసింది. తరాజు దాన్ని చూసి, స్క్రూను చూసి, తనే విప్పాడు. లోపలి పళ్లచక్రం నుంచి సూదిమొనతో ఏదో తీసి కాగితం మీద పెట్టాడు. వెంట్రుకంత పోగు. ఒక కొస ఆకుపచ్చ, ఇంకో కొస మాడిన నలుపు.

"గురువుగారూ, అదేమిటి?" అంది టైపిస్టు.

"దారం పోగు. గ్యాస్ పొయ్యికీ దారానికీ చుట్టరికం ఏమిటో కనుక్కోవాలి. పద."

*

ఇంటి ముందు గదిలో ఆవిడ భర్త గడియారాలు బాగుచేసే దుకాణం. దుమ్ము పడకూడదని తలుపులు ఎప్పుడూ బిగించి ఉంటాయి. సోమవారం పొగ తనకు తెలియకపోవడానికి కారణం అదేనని ఆయన అడగకముందే చెప్పాడు. సన్నటి మనిషి, కంటికి అతికించినట్టున్న గాజు, మాట కూడా గుసగుసే. గోడల మీద నలభై గడియారాలు నడుస్తున్నాయి. టైపిస్టుకు చెవులు మూసుకుపోయాయేమోననిపించింది.

"ఇన్ని ఉన్నా చప్పుడే లేదే," అంది.

"చప్పుడు చేసే గడియారానికి జబ్బు చేసినట్టే లెక్కమ్మా. అది నడవడం కాదు, మూలగడం."

"మీ ఆవిడ చేసిన నాబ్ సంగతి?" అన్నాడు తరాజు.

"మంచి బుర్ర. కాస్త మోటుపని." ఆయన తల దించుకున్నాడు. "మా తమ్ముణ్ణి అడగండి. పొయ్యిల షాపు వాడిది. గ్యాస్ లీకైతే మోగే అలారం అమ్ముతున్నాడు. ఇది బజారులోకి వస్తే వాడి సరుకు ఎవరు కొంటారు? ఎప్పుడూ రానివాడు సోమవారం సరిగ్గా ఆ సమయానికే ఎందుకొచ్చాడో మరి. నేను అంతకంటే ఏమీ అనను."

అనాల్సిందంతా అనేశాక ఏమీ అనను అనడం బేరగాళ్లకు తెలిసిన విద్యే. టైపిస్టుకు మాత్రం లెక్క సరిపోయినట్టే అనిపించింది. వస్తూ వస్తూ ఆయన పనిబల్ల మీదికి చూసింది. చిన్న మరలు దొర్లిపోకుండా పరిచిన దళసరి ఆకుపచ్చ ఊలు గుడ్డ. దాని మూల మీద ఒక టేబుల్ గడియారం బోర్లించి ఉంది. గడియారం కింద గుడ్డ అంచు వంకరగా కనిపించింది.

లోపల మంచం మీద ముసలావిడ కూర్చుని ఉంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్తారా పెద్దమ్మా?"

"ఏముంది నాయనా. పాలు పెట్టి, నాబ్ తిప్పి వచ్చి పడుకున్నా. కునుకు పట్టింది. మెలకువొచ్చి చెవి పెట్టి విన్నా. టిక్కు లేదు. ఆగింది కాబోలని మళ్లీ అటు తిరిగి పడుకున్నా."

"టిక్కు ఈ గదిలోకి వినపడుతుందా?"

"ఆదివారం దాకా చక్కగా వినపడేది. నాకు కళ్లు లేవు కదా, అదే నా కన్ను. పెద్దాడికి మాత్రం ఆ చప్పుడు గిట్టదు. 'అమ్మా, ఆ టకటక భరించలేకపోతున్నా, పెద్దమనుషులు వస్తే మన పరువేం కాను' అంటాడు. నేనన్నా, ఒరే, నీ గడియారాలు నాకెందుకురా, వాటిలో ఒక్కదానికీ నోరు లేదు అని."

తరాజు లేచి నిలబడ్డాడు. "మూడింటికి అందరూ వంటింట్లో ఉండాలి. మరిదిగార్ని కూడా రమ్మనండి."

"వాడు గడప తొక్కకూడదన్నారు మా ఆయన," అంది కోడలు.

"నేను తొక్కమన్నానని చెప్పు."

*

వంటింటి గోడ ఇంకా నల్లగానే ఉంది, మాడిన వాసన పోలేదు. మరిది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కుడి అరచేతికి కట్టు. సోమవారం మండుతున్న గుడ్డను పీకిపారేసిన చెయ్యి అది.

"నిప్పు పెట్టినవాడు చెయ్యి కాల్చుకుంటాడా వదినా?" అన్నాడు. "అమ్మకు మందులిద్దామని వచ్చాను. దానికి నన్ను దొంగను చేశారు. నీ సరుకు నా సరుక్కి పోటీయే, నిజమే. బజారులో కొట్టుకుందాం. ఇంట్లో ఎందుకు కొట్టుకుంటాం?"

కోడలు నాబ్ పెట్టిన బల్ల మీద నుంచి చూపు తిప్పలేదు. గడియారాలాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టైపిస్టు చూసింది, మూడున్నర.

తరాజు జేబులోంచి సన్నటి స్క్రూడ్రైవర్ తీసి, మళ్లీ బిగించిపెట్టిన నాబ్‌తోపాటు మరిదికి ఇచ్చాడు. "మంచి చెయ్యి ఎడమది కదా. దాంతోనే దీన్ని విప్పు బాబూ."

మరిది బలంగా ఎడమకు తిప్పాడు. కదల్లేదు. పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. స్క్రూడ్రైవర్ గాడిలోంచి జారి కీచుమంది. మూడోసారి ఇంకా గట్టిగా కీచుమంది.

"అలా కాదురా, తల పాడైపోతుంది, ఇలా ఇవ్వు." గడియారాలాయన రెండంగల్లో వచ్చి లాక్కున్నాడు. రెండు వేళ్లతో పట్టుకుని కుడికి తిప్పాడు. స్క్రూ పువ్వులా ఊడి అరచేతిలో పడింది.

అప్పుడుగాని ఆయనకు అందరూ తనవైపే చూస్తున్నారని తెలియలేదు.

"ఎదురు మర అని మీకెవరు చెప్పారండీ?" అంది భార్య. చాలా నెమ్మదిగా అడిగింది.

ఆయన స్క్రూను బల్ల మీద పెట్టాడు.

"నేను చెప్తానమ్మా," అన్నాడు తరాజు. "నీ సందేహం ఏమిటి? సోమవారం ఆగని వస్తువు, ఆ సాయంత్రం నుంచి అరవైసార్లు ఎలా ఆగింది అని. పాత సామాన్ల కొట్లో దీనికి ఒకటే జవాబు. ఎవరూ ముట్టుకోకుండా వస్తువు బాగుపడదు. అంటే ఎవరో రెండుసార్లు విప్పారు. ఒకసారి చెడగొట్టడానికి, ఒకసారి సరిచేయడానికి. పగవాడు చెడగొడతాడు గానీ మళ్లీ సరిచేయడు. కాబట్టి నేను పగవాణ్ణి వెతకడం అక్కడే మానేశాను.

"స్క్రూ గాడిలో రెండు సన్నటి గీతలున్నాయి. నీ వెడల్పాటి స్క్రూడ్రైవర్ చేసినవి కావు. గడియారాల మనిషి వాడేది చేసింది. మొదట మామూలుగా ఎడమకు తిప్పబోయి జారాడు, నేర్పరి కాబట్టి రెండు జారుళ్లతోనే ఎదురు మర అని పట్టేశాడు. తమ్ముడు మూడుసార్లయినా పట్టలేదు, చూశావుగా. చక్రంలో దొరికింది ఊలు పోగు. పనిబల్ల మీద గుడ్డకు మూల కత్తిరించి ఉందో లేదో, ఆ టేబుల్ గడియారం ఎత్తి చూస్తే తెలుస్తుంది."

టైపిస్టుకు చెంపలు వేడెక్కాయి. ఆ వంకర అంచును తన కళ్లతో చూసి, దాన్ని తూకంలో వేయలేదు.

"చప్పుడు చేసేది మంచి గడియారం కాదన్నది ఈయన నమ్మకం. పెద్దమనుషులొచ్చే రోజున భార్య చేసిన వస్తువు మోటుగా ఉండకూడదని, ఆదివారం గుట్టుగా విప్పి, టిక్కు కొట్టే చోట ఊలు మెత్త పెట్టాడు. బల్ల మీద చల్లగా ఉన్నంతసేపూ బాగానే నడిచి ఉంటుంది. పొయ్యి పక్కన వేడికి మెత్త మాడి ముడుచుకుని పళ్లలో ఇరుక్కుంది. చక్రం ఆగిపోయింది, గ్యాస్ ఆగలేదు. చప్పుడు లేదు కాబట్టి పెద్దమ్మ ఆరిందనుకుంది. మీరంతా ఆసుపత్రిలో ఉండగా ఆయన మెత్త పీకేశాడు."

"నీకు పేరు రావాలనే," అన్నాడు ఆయన.

"పేరు సంగతి తర్వాత," అంది ఆవిడ. "మూడు రోజులు నేను నిద్రపోలేదు. పక్కనే ఉండి చూశారు. నా చేతులతోనే అత్తయ్యను చంపబోయాననుకున్నాను. మరిదిని గడప దాటనివ్వద్దంటే విన్నాను. మెత్త పెట్టడం తెలియక చేసిన తప్పు. ఈ మూడు రోజులు?"

మరిది కట్టు కట్టిన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఎవరి మొహమూ చూడలేక టైపిస్టు కిటికీ వైపు తిరిగింది. వీధి తలుపు చప్పుడైంది. నాలుగు కాకముందే ఇంజనీరు వచ్చేశాడు.

చేతిలో ఫైలు పట్టుకుని, నల్లబడ్డ గోడను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడాయన. టైపిస్టు ఆవిడ వైపు చూసింది. గోడకు ఏదో ఒక సాకు చెప్పేస్తే చాలు, వస్తువు పనిచేస్తుంది, బేరం కుదురుతుంది. ఆవిడ సాకు చెప్పలేదు.

"ఇది సోమవారం మా ఇంట్లో ఆగలేదండీ. మా అత్తయ్య చచ్చి బతికింది. ఎందుకు ఆగలేదో ఇప్పుడే తెలిసింది. ఇంట్లోవాళ్లు విప్పగలిగినంతకాలం దీన్ని మీకు అమ్మను. విప్పడానికి వీల్లేకుండా చేసి చూపిస్తాను, గడువివ్వండి. వీలుకాదంటే మీ ఇష్టం."

ఇంజనీరు ఫైలు మూశాడు. అక్కడితో అయిపోయిందనుకుంది టైపిస్టు. ఆయన స్టూలు లాక్కుని పొయ్యికి ఎదురుగా కూర్చున్నాడు.

"పనిచేసేవి చూపించడానికి రోజుకు పదిమంది వస్తారమ్మా. గడువు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు అది ఎలా ఆగకుండా పోయిందో నాకు చేసి చూపించండి."

ఆవిడ స్క్రూడ్రైవర్ తీసుకుని భర్త ముందు పెట్టింది. "మీరే చెయ్యండి."

ఆయన మాట్లాడకుండా నాబ్ మీదికి వంగాడు.

"ఒరే," అంది మంచం మీంచి లేచి గోడ పట్టుకుంటూ వచ్చిన తల్లి. "ఏం చేస్తున్నావో నోటితో చెప్పరా. నాకు కనపడదు కదా."