పనికిరారు అన్నవాడు

"మీ రెజ్యూమె ఎన్ని పేజీలు?" అన్నాడతను.

"ఐదు సర్," అంది తియుర్మా, కాస్త గర్వంగానే.

"ఐదా! తాతలు పోయినప్పుడు మునిమనవల పేర్లతో సహా పేపర్లో వేస్తారే, ఆ ప్రకటన కూడా ఇంత పొడుగుండదు."

తియుర్మాకి నవ్వు ఆగలేదు. ఆ యాస, ఆ వెటకారం ఎక్కడివో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. "మీదీ మెదానేనా బాంగ్?" అని ఊళ్లో అన్నలని పిలిచినట్టే అడిగేసింది.

ఫోన్ తెర మీద అతని మొహం లేదు. కెమెరా ఆపేసి ఉంది. బూడిదరంగు గుండ్రం, దాని కింద "డేనియల్, హెచ్‌ఆర్" అన్న పేరు, అంతే.

"ఇంటర్వ్యూలో వరసలు కలపకండి," అన్నాడు. గొంతు కరుకుగా మారిపోయింది.

ఇండోనేసియాలోని మెదాన్‌లో ఉండే తియుర్మా సినాగాకి ఇరవై ఎనిమిదేళ్లు. ఒక ఆన్‌లైన్ అంగడిలో వినియోగదారుల ఫిర్యాదులు తీర్చే పని చేసేది. ఆ పనికి యంత్రాన్ని పెట్టుకుని, ముప్పై ఒక్కమందిని ఒకే రోజు ఇంటికి పంపేశారు. ఏడు నెలలుగా వెతుకుతోంది. ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పే వీడియోలన్నీ చూసింది. నీలం చొక్కా వేసుకుని ఫోటో దిగింది. వాళ్లు చెప్పిన పదాలన్నీ రెజ్యూమెలో ఇరికించింది. ప్రకటన పడిన పది నిమిషాల్లో దరఖాస్తు పెట్టింది. అలా నూట నలభై. సగం చోట్ల "ఇరవై అయిదు దాటకూడదు" అని ఉండేది. మిగతా సగం నుంచి జవాబే లేదు.

కంబోడియాలో కస్టమర్ సర్వీస్, టికెట్ వాళ్లదే, బస వాళ్లదే అన్న ప్రకటన పక్కింటి స్నేహితురాలు రుమింతా పంపింది. ముందురోజు రుమింతాని ఇంకెవరో ఇంటర్వ్యూ చేసి పది నిమిషాల్లో తీసేసుకున్నారు.

"హాబీలు... ప్రయాణాలు. ఎక్కడికి వెళ్లారు?"

"తోబా సరస్సుకి."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి. స్కూల్ వాళ్లు తీసుకెళ్లారు."

"దాన్ని ప్రయాణం అనరు, పిక్నిక్ అంటారు. పాత ఆఫీసులో రోజుకి ఎన్ని ఫిర్యాదులు తీర్చేవారు?"

"అరవై, డెబ్బై."

"అది ఎక్కడ రాశారు? రాయలేదు. 'కష్టపడతాను, నిజాయితీపరురాలిని' అని రాశారు. దొంగ కూడా అదే రాస్తాడు. ఇదే కాగితం ఎన్ని చోట్లకి పంపారు?"

"నూట నలభై," అంది. చెవులు వేడెక్కుతున్నాయి.

"గాలం వేసేవాడు కూడా ఏ చేపకి ఏ ఎరో చూసుకుంటాడు. మీ పని చూసి మెచ్చుకున్నవాళ్లు ఊళ్లో పదిమంది లేరా? వాళ్లని అడగడం మానేసి ముక్కూ మొహం తెలియనివాళ్ల కాళ్ల మీద పడతారెందుకు?"

"మీరూ ముక్కూ మొహం తెలియనివాళ్లే కదా! కెమెరా కూడా పెట్టుకోలేదు."

"అదే నేను చెప్పేది," అన్నాడతను మెల్లగా.

వెనకాల ఎవరో ఆమెకి తెలియని భాషలో గద్దించారు. కుర్చీ కీచుమంది. అతని గొంతు ఒక్కసారిగా పెరిగింది. "మీరు మా కంపెనీకి పనికిరారు! గొంతు బాగాలేదు, మొహం బాగాలేదు, వయసైపోయింది. మళ్లీ దరఖాస్తు పెట్టకండి. మీ నంబరు బ్లాక్ చేస్తున్నాను."

తెర నల్లబడింది.

తియుర్మా వీధి చివరికి వెళ్లి, వాళ్లమ్మ లోంతోంగ్ అన్నపు ముద్దలు అమ్మే బండి వెనక కూర్చుని ఏడ్చింది.

"ఏమన్నాడే?"

"గొంతు బాగాలేదట."

"నీ గొంతా! చర్చిలో నువ్వు పాడితే పాస్టరే వాచీ చూసుకోడు."

"మొహం బాగాలేదట."

"వాడి కళ్లు కాకులు పొడవ."

"వయసైపోయిందట."

తల్లి గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. "మిగతావి అబద్ధాలే కదా, పోనీలే," అంది.

రుమింతా విమానం ఎక్కింది. సాగనంపడానికి వెళ్లిన తియుర్మా అసూయతో ఆమె మొహంలోకి సరిగ్గా చూడలేకపోయింది. ఇంటికొచ్చి ఆ కసితోనే రెజ్యూమెని ఒక్క పేజీకి కోసేసింది. ఎన్ని ఫిర్యాదులు తీర్చిందో అంకెలతో రాసింది. తన పని ఎరిగినవాళ్లు ఎవరా అని ఆలోచించి పది పేర్లు తీసి, పదిమందికీ పది వేరు వేరు ఉత్తరాలు రాసింది. అందులో జుల్ఫిక్రి అనే కాఫీ వ్యాపారి ఒకాయన. ఒకప్పుడు ఆయన సరుకు దారిలో తప్పిపోతే, పదకొండు గోదాములకి ఫోన్లు చేసి వెతికి పెట్టింది ఆమే. ఆయన మర్నాడే పిలిచాడు. విదేశీ కొనుగోలుదార్లతో మాట్లాడే పని. వయసు అడగలేదు.

చేరిన రోజు ఆ డేనియల్‌కి "చూశావా?" అని ఒక్క మెసేజ్ పెట్టింది. అది వెళ్లలేదు. అన్నమాట ప్రకారం బ్లాక్ చేసే ఉంచాడు.

రుమింతా మొదట్లో ఫోటోలు పంపేది. తర్వాత "బాగున్నాను" అన్న ముక్క మాత్రం వచ్చేది. నాలుగో నెలలో ఆరు సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. "తియుర్, ఎవర్నీ రానివ్వకు." ఆ తర్వాత ఏమీ లేదు.

ఏడో నెలలో పోలీసులు ఆ భవనం మీద పడి కొంతమందిని బయటికి తెచ్చారు. రుమింతా తిరిగొచ్చింది. జుట్టు కత్తిరించేసి ఉంది. తలుపు చప్పుడైతే గోడకి అంటుకుపోతోంది. తియుర్మా మూడుసార్లు వెళితే మూడోసారికి నోరు విప్పింది.

"ఒంటరి మనుషులతో ఫోన్లో ప్రేమ నటించి దోచుకోవాలి. అదీ ఉద్యోగం. దోచలేకపోతే కరెంటు షాకు."

తియుర్మా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిన్ను పనికిరావన్నాడే, అతను గుర్తున్నాడా? అసలు పేరు పార్లిన్. ఇక్కడ ఏదో ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకునే పని చేసేవాడట. అది మూతపడితే మనలాగే ప్రకటన చూసి వచ్చి ఇరుక్కున్నాడు. ఇంటర్వ్యూలకి అతన్ని కూచోబెట్టారు. మెదాన్ వైపు నుంచి వచ్చిన పదకొండుమందిని ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపేశాడు. నువ్వు పన్నెండోదానివి."

"తర్వాత?"

"అనుమానమొచ్చి నీ ఇంటర్వ్యూ రికార్డింగ్ ఇంకొకడి చేత తర్జుమా చేయించుకుని విన్నారు. ఆ సాయంత్రమే కిందకి తీసుకెళ్లారు. కుడిచేతి వేళ్లు రెండు విరిచేశారు. మాతోపాటే బయటపడ్డాడు, ఇప్పుడెక్కడున్నాడో తెలీదు."

ఏడు నెలలుగా ఆ మనిషిని తియుర్మా తిట్టని తిట్టు లేదు.

అతన్ని వెతకడానికి మూడు వారాలు పట్టింది. తిరిగొచ్చినవాళ్లకి ఆశ్రయమిచ్చే ఒక సంస్థలో పెద్దావిడ చెప్పింది, ఊళ్లోనే పాదాంగ్ బులాన్ పేటలో మేనత్త లాండ్రీలో ఉంటున్నాడని.

శనివారం మధ్యాహ్నం వాన దంచుతుంటే తియుర్మా ఆ లాండ్రీలోకి అడుగుపెట్టింది. బల్ల వెనక సన్నగా ఒకతను, తల వంచుకుని రసీదు రాస్తున్నాడు.

"ఎన్ని కిలోలుంటాయి?" అన్నాడు తలెత్తకుండానే.

గొంతు అదే.

"తూచలేదు. గొంతు, మొహం బాగాలేవు గానీ, బట్టలు పర్వాలేదు," అంది.

కలం ఆగిపోయింది. అతను తలెత్తి ఆమె మొహంలోకి చూసి, కుడిచేతిని బల్ల కిందకి లాక్కున్నాడు. "ఐదు పేజీల రెజ్యూమె..."

"ఇప్పుడు ఒకటే."

అతను నవ్వలేదు. "మీరు అక్కడికి రాలేదు కదా? వేరే ఎవరి ద్వారానైనా... రాలేదు కదా?"

"రాలేదు."

అతను వెనకున్న దుప్పట్ల కుప్ప మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. తియుర్మా గొడుగు ముడిచి, వాన తగ్గేదాకా అక్కడే నిలబడింది. తగ్గాక కూడా వెళ్లలేదు.

ప్రతి శనివారం బట్టలు తెచ్చేది.

"ఇవి ఉతికినవే," అన్నాడొకసారి మడతలు చూసి.

"మళ్లీ ఉతకండి."

"ఇస్త్రీ కూడా చేసున్నాయి."

"బాంగ్, మీకు వ్యాపారం చెయ్యడం రాదు."

మొదటిసారి నవ్వాడప్పుడు. తియుర్మా దారంతా ఆ నవ్వు తలుచుకుంటూ ఇంటికెళ్లింది.

మళ్లీ ఉద్యోగానికి ప్రయత్నించమని ఆమే పోరింది. అతను ఒక ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఏడాది ఖాళీ ఎందుకుందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు. రెండో చోట "మోసగాళ్ల ముఠాలో పనిచేసినవాడు" అని కాగితం మీద రాసుకోవడం అతని కంటపడింది.

"పన్నెండుమందిని కాపాడానని చెప్పలేదా?" అంది తియుర్మా కోపంగా.

"రుమింతా మీకు ఆ పన్నెండుమంది సంగతే చెప్పిందా? అంతకుముందు నలుగురి సంగతి చెప్పలేదా?"

ఆమెకి అర్థం కాలేదు.

"మొదటి నెల. మనుషుల్ని ఎంచకపోతే తిండి లేదన్నారు. నలుగుర్ని ఎంచాను. ముగ్గురు తిరిగొచ్చారు. బింజాయ్ అమ్మాయి వులాందారి రాలేదు. ఎక్కడుందో ఎవరికీ తెలీదు."

తియుర్మా సంచి తీసుకుని వెళ్లిపోయింది.

రెండు శనివారాలు రాలేదు. ఆఫీసులో పని చేస్తోంది, ఇంట్లో తింటోంది, కానీ దేని మీదా మనసు లేదు. అతన్ని అసహ్యించుకోవాలని చూసింది, చేతకాలేదు. మరిచిపోవాలని చూసింది, అదీ కాలేదు. మూడో శనివారం బట్టలు లేకుండా వచ్చింది.

"వులాందారి వాళ్లకి మీరెవరో తెలుసా?"

"తెలీదు."

"చెప్పాలి."

"చంపేస్తారు."

"పక్కన నేనుంటాను."

మర్నాడు రైల్లో బింజాయ్ వెళ్లారు. వులాందారి తల్లి ఇంటి ముందు మిరపకాయలు ఆరబెడుతోంది. ఆవిడని ఇబూ, అంటే అమ్మా, అని పిలిచి, పార్లిన్ నిలబడే చెప్పాడు. ఒక్క ముక్కా దాచుకోలేదు. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"నా కూతురు నిన్నేమడిగింది?"

"రంజాన్‌కి సెలవిస్తారా అని అడిగింది, ఇబూ."

"నువ్వేమన్నావు?"

"ఇస్తారన్నాను."

ఆవిడ లేచి అతని చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. అతను కదల్లేదు. తియుర్మా అడ్డు వెళ్లబోయి ఆగిపోయింది. ఆవిడ లోపలికెళ్లి, చాలాసేపటికి ఒక ప్లాస్టిక్ సంచితో వచ్చింది. అందులో పోలీసు రసీదు, పాస్‌పోర్టు నకలు, జవాబు రాని అర్జీలు.

"నాకు చదువు రాదు. ఎవరికి రాయాలో, ఏమని రాయాలో తెలీదు," అంది. "నువ్వు రాయి. అది దొరికేదాకా రాయి."

వంకర తిరిగిన వేళ్ల మధ్య కలం పట్టుకుని, ఆ వరండాలోనే కూర్చుని మొదటి ఉత్తరం రాశాడు పార్లిన్.

తిరుగు రైలు కోసం స్టేషన్లో కూర్చున్నారు. అతని చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"ప్రతి ఆదివారం వస్తాను. మీరు మాత్రం రాకండి," అన్నాడు. "నాతో తిరిగితే మీ ఉద్యోగానికి కూడా మచ్చ."

"నేనెందుకొస్తున్నాననుకుంటున్నారు?"

"వులాందారి కోసం."

"సగం."

"మిగతా సగం?"

తియుర్మా పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "శనివారమంటే చాలు బాంగ్, కోడి కూయకముందే మెలకువ వచ్చేస్తోంది. ఆ రెండు శనివారాలు రానప్పుడూ వచ్చింది. ఏం చెయ్యమంటారు?"

"నాకు శుక్రవారం నిద్రుండదు," అన్నాడు పార్లిన్. "మిగతా రోజులు కూడా ఉండదనుకోండి. అందుకే ఇన్నాళ్లూ తేడా కనిపెట్టలేకపోయాను."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతని చెయ్యి అందుకుంది. వంకర వేళ్లని అతను ఈసారి దాచుకోలేదు.

కొత్త రెజ్యూమె ఇద్దరూ కలిసి రాశారు. ఖాళీగా ఉన్న ఏడాది దగ్గర తియుర్మా ఒక వాక్యం పెట్టింది. "బలవంతపు చాకిరీ, పన్నెండుమందిని రాకుండా ఆపాను." అతను దాని కింద ఇంకొకటి చేర్చాడు. "నలుగుర్ని రప్పించాను." ఆమె కొట్టేసింది. అతను మళ్లీ రాశాడు. ఈసారి ఉంచేసింది. ఆ కాగితం చూసి ఆశ్రయం నడిపే పెద్దావిడే పనిచ్చింది. విదేశీ ఉద్యోగాల ప్రకటనలు చూసి, నిజమో అబద్ధమో తెలుసుకుందామని ఫోన్ చేసేవాళ్లకి జవాబు చెప్పాలి. రోజుకి ముప్పై నలభై ఫోన్లు. కొందరు నమ్మేవారు, కొందరు తిట్టి పెట్టేసేవారు.

"ఇంటిపేరేమిటి?" అని అడిగింది తియుర్మా తల్లి, మిగతావన్నీ విన్నాక.

"హుతబరత్."

"మన సినాగాలు కారు, బతికించారు. పెళ్లికి అడ్డులేదు."

"పెళ్లని ఎవరన్నారమ్మా?"

"అతన్ని నువ్వు 'బాంగ్' అంటున్నప్పుడు ఆ మాట ఎంత సాగుతోందో నాకు వినబడటం లేదనుకున్నావా?" అంది. తర్వాత నవ్వాపి, "రాత్రిళ్లు అరిచి లేస్తాడటగా?" అంది.

"లేస్తాడు."

"మీ నాన్న పోయాక నేనూ లేచేదాన్ని. నువ్వొచ్చి పక్కన పడుకునేదానివి." ఆవిడ కూతురి తల నిమిరి బండి సర్దుకోవడానికి వెళ్లింది.

ఆ మరుసటి జూన్‌లో ఒక శనివారం పెళ్లయింది. బింజాయ్ నుంచి వులాందారి తల్లి వచ్చింది. ఆవిడ కోసం తియుర్మా తల్లి ముస్లిం వంటవాళ్ల చేత వేరే వండించి, తనే వడ్డించింది. ఆవిడ కొంచెమే తిని, డోలు చప్పుళ్ల మధ్య పెళ్లికూతురి దగ్గరకొచ్చి ఆమె భుజం మీది ఉలోస్ శాలువా సర్దింది. పార్లిన్‌తో ఆ ఏడాదిలో ఉత్తరాల సంగతి తప్ప వేరే మాట ఆడలేదు. ఇప్పుడు అతని ఎదుట నిలబడింది.

"రేపు ఆదివారం," అంది.

"వస్తాం ఇబూ," అన్నాడతను.

పెళ్లైన మర్నాడు చుట్టాలింకా లేవకముందే, గోరింట చేతుల్లో కాగితాల సంచి పట్టుకుని కొత్త పెళ్లికూతురు బింజాయ్ రైలెక్కింది. ఆమె పక్కన కిటికీ దగ్గర కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, అతను నలభై ఎనిమిదో ఉత్తరం మొదలుపెట్టాడు.