టేబుల్ ఏడు, సముద్రం వైపు

శ్యాంబాబు సోమవారం చనిపోయాడు. నిడదవోలు స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో, సగం తాగిన టీ కప్పు పక్కన. డాక్టరు గుండెపోటన్నాడు. అతను గూఢచారిగా పనిచేస్తున్న డిపార్ట్‌మెంట్ ఆ టీని ల్యాబ్‌కి పంపి, మర్నాటికల్లా విషం పేరు కనుక్కుంది.

గురువారం ఉదయం కాకినాడ గెస్ట్‌హౌస్‌లో చీఫ్ లోకనాథ్ యుగంధర్‌ని కూర్చోబెట్టాడు.

"శ్యాంబాబు కలవాల్సిన మనిషిని ఇవాళ నువ్వు కలుస్తావు. పేరు ఉషారాణి. విదేశీ గూఢచారుల రింగ్‌లో ఉంటూ ఏడాదిగా మనకి పనిచేస్తోంది. మన నౌకల రాకపోకలు వాళ్లకి అందిస్తున్న ముగ్గురి పేర్లు ఆమె దగ్గరున్నాయి."

"నా వేషం?"

"భీమవరం రొయ్యల ఎక్స్‌పోర్టర్‌వి. నిన్ను రింగ్‌లోకి లాగడానికి వస్తున్నట్టు ఆమె వాళ్లకి చెప్పింది. ఉప్పాడ బీచ్ రోడ్, ఇటాలియన్ రెస్టారెంట్, ఒంటిగంట. పేర్లు తీసుకో. ఆమెని ప్రాణాలతో తీసుకురా."

రెండోదే కష్టమని ఇద్దరికీ తెలుసు. గూఢచారులకి భయముండదని చెప్పేవాళ్లు ఆ ఉద్యోగం చెయ్యనివాళ్లు. యుగంధర్ కోటులోని పిస్తోలు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

రెస్టారెంట్ మేడమీద. సముద్రం వైపు గోడంతా అద్దమే. టేబుల్ ఏడు దగ్గర జాందానీ చీర, నల్లకళ్లద్దాలు. హాల్లో సగంమంది పాస్తా మానేసి ఆమెనే చూస్తున్నారు.

"ఈ పాస్తాలో రొయ్యలు ఎక్కడివండీ?" అందామె.

"భీమవరంవి మాత్రం కావండి."

కోడ్ సరిపోయింది. ఆమె లిప్‌స్టిక్ గొట్టం అతని వైపు దొర్లించింది. పేర్లు అందులో ఉన్నాయి. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు.

"వాళ్లకి తెలిసిపోయిందండి," అంది గొంతు తగ్గించి. "ఎప్పుడూ టేబుల్ నేనే బుక్ చేస్తాను. ఇవాళ వాళ్లు చేశారు. ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా చెప్పారు. ఒకటిన్నరకి ఫోన్ చేస్తారట. కదలకుండా అక్కడే కూర్చుని మాట్లాడాలట."

విషమే అనుకున్నాడు యుగంధర్. జేబులోంచి పెన్ను తీసి సూపులో ముంచాడు. విషముంటే దాని మొన ఎర్రబడాలి. ఎర్రబడలేదు. బ్రెడ్డు, నీళ్లు, ఆలివ్ ఆయిల్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. భయపడేవాడికి తాడు కూడా పామే. పక్క టేబుల్ పెద్దాయన దగ్గినా అతని చెయ్యి కోటులోని పిస్తోలు మీదకి పోతోంది.

వెయిటర్ దొరబాబు వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి.

"వంజరం చేప గ్రిల్ చేయించండి," అన్నాడు యుగంధర్, అతన్ని పంపెయ్యడానికి.

"ఫ్రెష్ లేదండి. వేట నిషేధం కదండీ, జూన్ సగందాకా బోటు కదలదు. ఫ్రోజెన్ తెమ్మంటారా?"

తెమ్మని తలూపుతూ యుగంధర్ అద్దంలోంచి బయటికి చూశాడు. అలాగే ఉండిపోయాడు.

ఒడ్డుకి రెండొందల గజాల్లో ఒక మోటారు బోటు, వల వేసి ఉంది. అతను వచ్చినప్పటినుంచీ అక్కడే ఉంది. ఉప్పాడ మత్స్యకారుల ఇంట్లో పుట్టిన యుగంధర్‌కి సముద్రం మీద బోటు వింతేమీ కాదు. అందుకే కళ్లు చూశాయి గాని బుర్ర చూడలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్యనుంచి ఈ తీరంలో ఇంజను కదలదు. ఆ సంగతి ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. విదేశీ రింగ్‌కి చెప్పినవాళ్లు లేరు.

ఉషారాణి కుర్చీ సరిగ్గా ఆ బోటుకి ఎదురుగా ఉంది. బోటు అలలమీద ఊగుతుంది, గురి కుదరాలంటే ఆమె కదలకూడదు. ఫోను అందుకే. టైము ఒకటీ ఇరవైనాలుగు.

"నవ్వుతూ ఉండండి," అన్నాడు. "తల ఒక్కచోట ఉంచకండి. లేస్తే మాత్రం ఇప్పుడే కాలుస్తారు."

ఆమె నవ్వింది. నల్లకళ్లద్దాల కిందనుంచి ఒక కన్నీటిబొట్టు జారింది.

యుగంధర్ కాలరు మైకులో బోటు సంగతి చెప్పాడు. చెవిలోని రిసీవర్‌లో లోకనాథ్ అన్నాడు. "కోస్ట్ గార్డ్‌కి వచ్చేందుకు ఇరవై నిమిషాలు పడుతుంది."

"ఆరే ఉన్నాయి సార్."

యుగంధర్ ఫోన్ తీసి మేనమామ బుల్లబ్బాయికి కలిపాడు. ఈ రెండు నెలలూ ఆయన ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు.

"మావయ్యా, రెస్టారెంట్ ఎదురుగా బోటు చూశావా?"

"పొద్దున్నించీ సూత్తన్నాం రా! మేం పస్తులుండి ఇళ్లల్లో కూకుంటే, ఆడెవడ్రా ఇంజనేసుకొచ్చింది?"

"ఇంజనుల్లేని తెప్పలకి నిషేధం లేదు కదా, అవి తీయండి. వాడు పారిపోయే దారికి అడ్డంగా వలలు వెయ్యండి. దగ్గరికి మాత్రం వెళ్లకండి, తుపాకులున్నాయి."

"సరే," అన్నాడు బుల్లబ్బాయి.

ఒకటిన్నరకి ఉషారాణి ఫోన్ మోగింది. అంతసేపూ తల కదుపుతూ ఉన్న మనిషి ఆ మోతకి బిగుసుకుపోయింది. నవ్వు అలాగే ఉంది. తల కదలడం లేదు.

"ఉషారాణి గారూ!"

ఆమెకి వినపడలేదు. యుగంధర్ టేబుల్ కిందనుంచి ఆమె కుర్చీ కాలుని బలంకొద్దీ తన్నాడు. కుర్చీతో సహా ఆమె వెల్లకిలా పడింది. అదే క్షణంలో అద్దం భళ్లుమని రాలింది. ఆమె తల ఉన్నచోటు దాటి, వెనక గోడలో గుండు దిగింది.

జనం అరుపుల్లో యుగంధర్ నేలమీద పాకుతూ ఆమెని చేరాడు.

"బతికే ఉన్నానా అండీ?"

"ఉన్నారండి."

"మీ చెయ్యి వణుకుతోంది."

"ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇంతేనండి."

సముద్రంలో బోటు గర్జించి తిరిగింది. వంద గజాలు పోయిందో లేదో, నీటికింద తిరిగే ఫ్యాను రెక్కలకి వలలు చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. అటూ ఇటూ తెప్పలు నిలిచాయి. తుపాకీ పట్టినవాళ్లు నలుగురే, ఒడ్డున మాత్రం ఊరంతా ఉంది. కోస్ట్ గార్డ్ వచ్చేసరికి ఆ నలుగురూ చేతులెత్తి కూర్చున్నారు.

ఉషారాణిని కారెక్కించి పంపించాక లోకనాథ్ ఒడ్డుకి దిగి, ఆ నలుగురిమీదా దేశద్రోహం, గూఢచర్యం, హత్యాయత్నం అని ఏకరువు పెట్టాడు. బుల్లబ్బాయి ఓపిగ్గా విన్నాడు.

"అయ్యన్నీ మాకు తెలీదు బాబూ. నిషేధంలో ఇంజనేశారు. ముందు ఆ కేసు రాయండి."

లోకనాథ్ ఒడ్డున నిలబడ్డ జనాన్ని ఒకసారి చూశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో మొదటిసారి భయమేసి, ముందు ఆ కేసే రాయించాడు.